రెండిళ్ల విత్తనం

మొన్న ముసురు పట్టినప్పుడు, ఎంత గట్టిగా మూసినా కిటికీ సందుల్లోంచి చలి దూరుతుంటే, దివాన్ మంచం పలక ఎత్తి అడుగున ఉన్న బొంత బయటికి తీశాను. తీయగానే గది నిండా దాని వాసనే. పాత నూలు చీరల వాసన, గంజి వాసన, దాని వెనకాల కట్టెల పొగ, ఇంకా వెనకాల పశువుల కొట్టంలో ఎండుగడ్డి వాసన. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "అమ్మా, దీన్ని ఇంక ఎందుకు పెట్టుకున్నవ్? మెషిన్ల పట్టదు, ఎత్తితే నడుము పడతది" అంది. పిల్ల అన్నది నిజమే. తడిస్తే ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టి పిండాల్సిన బొంత అది. పారేయడానికి చెయ్యి రాదు, కప్పుకుందామంటే మనసు రాదు. కప్పుకుంటే నాకు నిద్రకు బదులు కోపం వస్తుంది. బొంత మీద అలగడమేమిటని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను.

మా ఊరు జిన్నారం దాటి గడ్డపోతారం పోయే వైపు ఉండేది. ఇప్పుడు ఆ రోడ్డు మీద పోతే రెండు పక్కలా ప్రహరీ గోడలు, గోడల మీద ముళ్ల తీగ, గేట్ల ముందు షిఫ్టు బస్సులు తప్ప ఏమీ కనబడవు గానీ, నా చిన్నతనంలో అవన్నీ జొన్న చేలు, కంది చేలు, గట్ల మీద సీతాఫలం పొదలు. కాలాలు మాకు క్యాలెండరు చూసి తెలిసేవి కావు, తిండిని బట్టి తెలిసేవి. మక్క గారెలు వేగాయంటే వానలు నిలదొక్కుకున్నట్టు, గడ్డిలో మాగబెట్టిన సీతాఫలాలు ఇల్లంతా ఘుమఘుమలాడాయంటే బతుకమ్మ దగ్గరికొచ్చినట్టు, జొన్న రొట్టె మీద చిక్కుడుకాయ కూర పడిందంటే చలి ముదిరినట్టు. చింతపండు కొట్టడం అయిపోయి, మేం పిల్లలం ఆ చింతగింజలు అరగదీసి అష్టా చెమ్మా ఆడుకోవడం మొదలుపెట్టామంటే ఎండాకాలం వచ్చినట్టు. ఎండాకాలమంటే మా ఇంట్లో బొంతల కాలం.

బొంత కుట్టడం ఒక మనిషి పని కాదు. మధ్యాహ్నం బర్రెలు మేతకు పోయాక కొట్టం ఖాళీ అయ్యేది. మా నాయనమ్మ, నేను అవ్వ అని పిలిచేదాన్ని, నేలంతా శుభ్రంగా ఊడ్చి, పేడనీళ్ల సానిపి చల్లి, ఆరాక చాపలు పరిచేది. చాపల మీద ముందు ముదురు రంగు చీర, దాని మీద చినిగిపోయిన చీరలు పొరలు పొరలుగా, నాయిన పాత ధోవతులు, నాకు పొట్టివైపోయిన గౌన్ల ముక్కలు, అన్నిటికీ పైన మళ్లీ ఒక మంచి చీర. నాలుగు మూలలు బిగ్గట్టి లాగి, మూలకొక మనిషి కూర్చుని అంచు నుంచి లోపలికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ రావాలి. మా బొంతకు మనుషులు ముగ్గురే ఉండేవాళ్లు. నాలుగో మూల మీద రోలు పెట్టేవాళ్లు. "నలుగుట్ల ఈ రోలే నయం, నోరు మూసుకొని కూసుంటది" అని అవ్వ రోజూ అనేది, రోజూ ముగ్గురూ కొత్తగా విన్నట్టు నవ్వేవాళ్లు.

ఆ ముగ్గురిలో మా అవ్వ నర్సమ్మ ఒకతె. రెండో ఆమె శంకరవ్వ, మా పక్కింటావిడ, చెల్కలో కూడా పక్కనే. ఊరి బయట ఎత్తు మీద మా చెల్క, వానతో పండే మెట్ట చేను, దానికి ఆనుకుని పల్లంలో వాళ్ల చెల్క. మా చెల్క అవ్వ పేరు మీదే ఉండేది, తాత పోయాక. శంకరవ్వోళ్ల బండి వాళ్ల చెల్కకు దిగాలంటే మా గట్టు పక్కనుంచే దిగాలి, వేరే తొవ్వ లేదు. మూడో ఆమె కిరాణా దుకాణం రాజేశ్వరమ్మ. ఆమెకు చెల్క లేదు, బర్రెల్లేవు, కానీ ఊళ్లో ఎవరి దగ్గరా లేనన్ని మాటలు ఉండేవి. ముగ్గురికీ కళ్లు మసకలే కాబట్టి సూదుల్లో దారం ఎక్కించడం నా కొలువు. తేనె మైనం మీద దారాన్ని ఒకసారి లాగి, కొస నోట్లో తడిపి, సూది బెజ్జంలోంచి తీసి, ఎవరి సూది వాళ్ల ముందు పెట్టేదాన్ని. దానికి కూలిగా అవ్వ బియ్యం కుండలో దాచిన బెల్లం ముక్క దొరికేది. ఆ కుండలో బెల్లం ఉందని మా అమ్మకు తెలియదని అవ్వ నమ్మకం, తెలియనట్టు ఉండడం మా అమ్మ మంచితనం.

రాజేశ్వరమ్మ మాటలన్నీ పటాన్‌చెరు బట్టీ చుట్టే తిరిగేవి. అప్పట్లో బిస్కెట్లు కొనుక్కోవడం కంటే చేయించుకోవడం గొప్ప. మైదా, చక్కెర, డాల్డా, యాలకులు అన్నీ డబ్బాలో సర్దుకుని బస్సులో పటాన్‌చెరు పోయి, బేకరీవాడి బట్టీ ముందు కూర్చుని, మన సామానుతో మన కళ్లముందే కాల్పించుకుని తేవాలి. రాజేశ్వరమ్మ ఎన్ని ఏళ్లు పోయినా ఆ బేకరీవాడిని ఒక్కనాడు నమ్మింది లేదు. "కన్ను ఇట్ల తిప్పిన్నో లేదో, గిద్దెడు డాల్డా గాయబ్! బిస్కెట్లు తెస్తే పండ్లు ఊడేటట్టున్నయి" అనేది. "గట్టిగున్నా ఫికర్ లేదు, మీ ఆయనకు పెట్టు, జెర సేపు మాట్లాడకుంట ఉంటడు" అని శంకరవ్వ అందుకునేది. నవ్వీ నవ్వీ అవ్వకు దగ్గు వచ్చేది. నేను లేచి కుండలో నీళ్లు ముంచి తెచ్చేదాన్ని.

బిస్కెట్లు అయిపోతే కోడళ్లు, కోడళ్లు అయిపోతే విత్తనాలు. విత్తనాల దగ్గరికి వచ్చేసరికి రాజేశ్వరమ్మ వినేది, మా అవ్వా శంకరవ్వా మాట్లాడేవాళ్లు. ఎవరి బీర చేదెక్కింది, ఎవరి కాకర కాయలు పొట్టివయ్యాయి, ఎవరి సొర తీగ ఊరకే ఆకులు పెంచుకుని కాయడం మర్చిపోయింది, అన్నీ ఆడబిడ్డల కాపురాల గురించి మాట్లాడినంత బాధ్యతగా మాట్లాడుకునేవాళ్లు. మా ఇంటి ప్రతాపం చిక్కుడు. మా అవ్వ కొత్త కోడలిగా వచ్చినప్పుడు వాళ్లమ్మ కొంగున కట్టి పంపిన విత్తనమట. కాయ అంచు వెంట ఎర్రని గీత, లోపల గింజ నల్లగా, దాని నోరు మాత్రం పాలచుక్క అంటినట్టు తెల్లగా ఉండేది. అలాంటి గింజ ఊళ్లో ఇంకే చిక్కుడుకూ లేదు. కార్తీకంలో పూత, మాఘం దాకా కాత, ఆ తర్వాత తీగ మీదే ఎండబెట్టి, గింజలు వలిచి, బూడిదలో కలిపి, సొరకాయ బుర్రలో పోసి, మూతి పేడతో మూసి అటక కింద వేలాడదీసేవాళ్లు.

సగమే అలా వేలాడదీసేవాళ్లు, మిగతా సగం శంకరవ్వ ఇంటికి పోయేది. ఆమె బీర విత్తనం సగం మా ఇంటికి వచ్చేది. "విత్తనం రెండిళ్లల్ల ఉండాలె" అనేది అవ్వ. ఒక ఇల్లు కాలినా, ఒక ఇంట్లో ఎలుకలు పడినా, విత్తనం రెండో ఇంట్లో బతికి ఉంటుంది. ఎవరింటి విత్తనం వాళ్లే దాచుకుంటే దాన్ని పిసినారితనం అనేవాళ్లు. తన దగ్గర పెట్టిన విత్తనాన్ని ఎంత కరువొచ్చినా ముట్టుకోకూడదు. ఎదుటి ఇంటి పిల్లను మన ఇంట్లో పడుకోబెట్టుకున్నట్టు చూడాలి. ఇది ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు.

నేను నాలుగో తరగతిలోకి వచ్చిన ఏడాది ఎండాకాలంలో బొంతల ముందు జీపుల మాట వచ్చింది. కంపెనీలవాళ్లు తిరుగుతున్నారు, ఫలానా వాళ్లది పోయింది, ఫలానా వాళ్లు ఇంకా బేరంలో ఉన్నారు అని రాజేశ్వరమ్మ దుకాణం కబుర్లు మోసుకొచ్చేది. మా చెల్క చుట్టూ కూడా అప్పటికే తెల్ల సున్నం పూసిన రాళ్లు పాతి ఉన్నాయి. అవేమిటని అడిగితే, సర్కారువాళ్ల కొలతలని నాయిన చెప్పాడు, నేను నమ్మాను, వాటి మీదెక్కి దూకుడు ఆట ఆడుకున్నాను.

ఒక మధ్యాహ్నం శంకరవ్వ కుట్టు ఆపి అడిగింది. "అక్కా, మీరు గిట్ల ఇస్తరా ఏంది? మీది పోతే నా బండి ఎట్ల దిగుతది? ముందుగాల్నే చెప్పు, నా గతి నేను సూసుకుంట."

అవ్వ తలెత్తకుండా సూది దింపుతూ, "మా చెల్క యాడికి పోతదే పిచ్చిదానా, కాళ్లున్నయా దానికి?" అంది. ముగ్గురూ నవ్వారు. నేను కూడా నవ్వాను, చెల్కకు కాళ్లు వచ్చి నడుస్తున్నట్టు ఊహించుకుని.

ఆ వారంలోనే అవ్వ మా బుర్రను అటక కింద నుంచి దించి, మా వంతు సగం కూడా తీసుకెళ్లి శంకరవ్వ చేతుల్లో పెట్టింది. "మా ఇంట్ల ఎలుకలు బాగైనయి శంకరీ, ఈ ఏడు అన్నీ నీ తానే ఉండనీయ్" అంది. శంకరవ్వ ఆ బుర్రను చంటిపిల్లను అందుకున్నట్టు రెండు చేతులా అందుకుంది. మా ఇంట్లో ఎలుకలు ఎక్కువైన సంగతి నాకు తెలియదు, పిల్లి కూడా ఆ ఏడు బక్కచిక్కే ఉంది.

ఆ ఎండాకాలం ముందు మా బొంత అయింది, ఇప్పుడు నా దివాన్ అడుగున ఉన్నది అదే, తర్వాత రాజేశ్వరమ్మది, చివర శంకరవ్వది. కుట్టు పూర్తయి బొంత దించిన రోజు ఆ ఇంటివాళ్లు కుట్టినవాళ్లకు ఏదో ఒకటి చేసి పెట్టాలి. అది కూడా మాటల్లో లేని మరో కట్టుబాటు. మా ఇంట్లో నువ్వులు, పల్లీలు బాగా పడేసి సర్వపిండి కాల్చింది అమ్మ. రాజేశ్వరమ్మ ఇంట్లో సరేసరి, పండ్లూడే బిస్కెట్లు. శంకరవ్వ బొంత మాత్రం మధ్యలో ఆగిపోయింది. మృగశిర వానలు ముందే పడటంతో ఆమె దున్నడానికి పోయింది. తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు మాటలు తగ్గాయి. ఏమైందని రాజేశ్వరమ్మ అడిగితే పాణం బాగలేదంది. బొంత చివరి వరస ముగ్గురూ ఎవరి సూది చప్పుడు వాళ్లు వింటూ కుట్టారు. నాకు విసుగొచ్చి రోలు మీదెక్కి కూర్చున్నాను.

దించిన రోజు శంకరవ్వ లోపలికి పోయి గుడాలు తెచ్చింది. ఉడికించి, ఎల్లిపాయ, ఎండు మిరపకాయ, కరివేపాకు పోపు పెట్టిన గింజలు, పెద్ద స్టీలు గిన్నె నిండుగా, ఆవిర్లు పోతూ. ముందు పళ్లెం అవ్వ ముందు పెట్టింది. నేను వంగి చూశాను. నల్లని గింజలు. ఉడికి కాస్త రంగు దిగాయి గానీ, ఒక్కొక్కదాని నోటి దగ్గర ఆ తెలుపు అలాగే ఉంది.

"అవ్వా, ఇవి మన చిక్కుడు గింజలు!" అని అరిచాను. "మన విత్తనాలు వండేసింది!"

శంకరవ్వ నా వైపు చూడలేదు. "తినక్కా, సల్లారిపోతయి" అంది మా అవ్వ ముఖంలోకే చూస్తూ.

అవ్వ కాసేపు పళ్లెం వైపు చూసింది. ఇప్పుడు లేస్తుంది, పళ్లెం విసిరేస్తుంది, శంకరవ్వ కొప్పు పట్టుకుంటుంది అని నేను ఎదురు చూశాను. మా అవ్వ నోరు తక్కువది కాదు. పక్క చేను మేక మా చేనులో మూతి పెడితే మేకను, మేక యజమానిని, వాళ్ల తాతలను కలిపి తిట్టగల మనిషి. అలాంటి అవ్వ పళ్లెం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. ఒక్కొక్క గింజ తీసి, నమిలి, మింగి, చివరి గింజ దాకా తిన్నది. మధ్యలో రాజేశ్వరమ్మ పాపం ఏమీ తెలియక, "ఎంత మంచిగున్నయే శంకరమ్మా, ఎట్ల చేసినవ్?" అని రెండోసారి పెట్టించుకుంది. అవ్వ చేతులు కడుక్కుని, నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. దారిలో నేను ఏడుస్తూ శంకరవ్వను నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. అవ్వ వద్దనలేదు.

ఆ వానాకాలంలోనే పల్లం చెల్క చుట్టూ గోడ లేచింది. శంకరవ్వోళ్లు కంపెనీకి అమ్మేశారని తెలిసింది. మాది కూడా గోడ లోపలికే పోయింది. "కింద వాళ్లు అమ్ముకున్నంక మనది ఒక్కటి ఉండి ఏం జేస్తది?" అన్నాడు నాయిన, వచ్చినవాళ్లకల్లా. నా చిన్న బుర్రకు కథ పూర్తిగా అర్థమైపోయింది. శంకరవ్వ నక్కజిత్తుల మనిషి, నవ్వుతూ పక్కన కూర్చుని కుడుతూనే చెల్క అమ్ముకుంది, ఇక సాగు లేదు కదా అని మా అవ్వ నమ్మి దాచిన విత్తనాన్ని ఉడకేసింది. ఆమె మనవరాలితో బడిలో మాట మానేశాను. వాళ్ల వాకిట్లో బతుకమ్మ ఆడితే నేను పోలేదు, వాళ్లింటి నుంచి వచ్చిన మలీద ముద్దలు కుక్కకు వేశాను. ఇవన్నీ అవ్వ కళ్లముందే జరిగేవి. నా జడ అల్లుతూ, నేను శంకరవ్వను అనే మాటలన్నీ వింటూ, అవ్వ రిబ్బన్ ముడి మాత్రం చక్కగా వేసేది. ఆ తర్వాత బొంతలు లేవు. శంకరవ్వ కుటుంబం చిట్కుల్ వెళ్లిపోయింది. అవ్వ ఇంకా చాలా ఏళ్లు బతికి, ఆమె పేరు ఒక్కసారి కూడా ఎత్తకుండా పోయింది. నాయిన కూడా పోయాడు.

మొన్న ఎండాకాలంలో మా ఆయన కంపెనీ మారాడు. ఇస్నాపూర్ వైపు కిరాయి ఇల్లు చూద్దామని నేను చిట్కుల్ వీధులన్నీ తిరిగాను. ఒక మూడంతస్తుల ఇల్లు, కింద వరసగా గదులు, ఒక్కో గదిలో నలుగురేసి బీహారు పిల్లలు. మెట్ల మీద కూర్చున్న ఒక ముసలామె, "ఏ భయ్యా, పానీ బంద్ కర్, ట్యాంక్ ఖాళీ అయితది!" అని రెండు భాషల్లో ఒకేసారి కేకలు వేస్తోంది. నన్ను చూసి కళ్లు చికిలించి, "నువ్వు నర్సక్క మనవరాలివి గదా?" అంది. అచ్చం మా అవ్వ నడకేనట, అది చూసి గుర్తు పట్టానంది. నేను కూడా గొంతు విని శంకరవ్వను గుర్తు పట్టాను. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. ఆమె అప్పటికే నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి కుర్చీలో కూర్చోబెట్టి, స్టవ్ మీద చాయ పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది.

ముసలి మనిషి, పోనీలే అని ఊరుకునే గుణం నాకు లేదు. "మా విత్తనాలు ఎందుకు వండినవ్ అవ్వా?" అని అడిగేశాను.

ఆమె ఆశ్చర్యపోయింది. "మీ అవ్వ నీకు చెప్పలేదా?"

"ఏం చెప్తది?"

"ఆ ఏడు దున్నబోతే బండికి తొవ్వ లేదు బిడ్డా. మీ గట్టు మీద కంచె ఏసి ఉన్నది. ఎవడురా ఏసిండంటే కంపెనీ వాచ్‌మెన్ వచ్చి, ఇది మా సార్లు సలికాలంల్నే కొన్నరు, నర్సమ్మ అన్న ముసలామె ఏలిముద్ర పెట్టింది అన్నడు. సలికాలంల పెట్టింది. ఎండకాలమంత నా పక్కన కూసొని బొంత కుట్టింది." ఆమె నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "తొవ్వ లేని చెల్కను ఎవడు కొంటడు? మల్ల ఆ కంపెనోనికే ఇయ్యాల్సొచ్చె. నా చెల్క పోయినందుకు ఏడ్వలే నేను. అడిగిన గదా బిడ్డా, ముందుగాల్నే చెప్పు అక్కా అని."

సున్నం పూసిన రాళ్లు, బక్కచిక్కిన పిల్లి, కాళ్లు లేని చెల్క, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ముందు నిలబడ్డాయి. అయినా మా అవ్వను వదులుకోవడం ఇష్టం లేక, "మా అవ్వకు చదువు రాదు, నాయిన ఏం చెప్పి ముద్ర వేయించాడో" అన్నాను.

"నేనూ గట్లనే అనుకోవాలని సూసిన" అంది శంకరవ్వ. "అడుగుదామంటే భయమైంది, మల్ల నవ్వుకుంట అబద్ధం చెప్తదేమో అని. అందుకే వండిన. విత్తనం ముందట పెడితే కొట్లాటకు దిగుతది గదా. దిగితే, దీనికి ఏం తెల్వదు, కొడుకే మోసం చేసిండు అనుకుందును. కాళ్లు పట్టుకుందును. జుట్టు పట్టి కొట్టినా పడుదును. మీ అవ్వ సంగతి నీకు తెల్వదా, మేక మూతి పెడితేనే ఊరుకోదు." ఖాళీ అరచెయ్యి చాపి చూపించింది. "తిన్నది బిడ్డా. ఒక్క గింజ ఇడువకుంట తిన్నది."

చెల్కలు అందరివీ పోయాయి, మాది మాత్రం ఉంటుందా. నాయిన బలవంతం చేసి ఉంటాడు, ఇంట్లో ఏమి ఇరుకులు ఉన్నాయో. వీటన్నిటికీ నేను అవ్వను ఎప్పుడో మన్నించేదాన్ని. కానీ తన తప్పు ఎదుటి మనిషి నెత్తిన పెట్టి, పసిపిల్లనైన నాతో ఆ మనిషిని ద్వేషింపజేసి, పక్కన కూర్చుని జడ అల్లింది చూడండి, దానికి నా దగ్గర మన్నింపు లేదు. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి, నోట్లో బెల్లం పెట్టిన మనిషి, నా కోపాన్ని తనకు అడ్డం పెట్టుకుంది. నేను ఎవరి కోసం కొట్లాడానో ఆ మనిషే నన్ను మోసం చేసింది. ఆ చిక్కుడు ఇప్పుడు ఎక్కడా లేదు. పటాన్‌చెరు అంగడిలో, సంగారెడ్డి విత్తనాల దుకాణాల్లో, ఎక్కడ చిక్కుడు కనిపించినా గింజ వలిచి చూసే అలవాటు నాకు ఇంకా పోలేదు. బొంత కుట్టే చేతులు లేవు, సూదిలో దారం ఎక్కించమని పిలిచేవాళ్లు లేరు. మా చెల్క ఏ గోడ వెనక ఉందో గుర్తు పట్టడానికి ఒక్క సీతాఫలం పొద కూడా మిగల్లేదు.

చాయ పొంగుకు వస్తున్నా శంకరవ్వ లేవలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా అడిగింది.

"పోయే ముందల మీ అవ్వ నా గురించి ఏమన్న అన్నదా బిడ్డా?"

అన్నదని చెబితే చాలు. నీ పేరే తలుచుకుందని ఒక్క మాట అంటే ఆ ముసలి ప్రాణం ఎంత చల్లబడేదో ఆమె ముఖంలోనే కనిపిస్తోంది. నోటిదాకా వచ్చింది. కానీ మా ఇంటి మనిషి ఆమె పక్కన కూర్చుని మళ్లీ ఇంకో అబద్ధం చెప్పడమా అనిపించింది.

"ఏమనలే అవ్వా" అన్నాను.

ఆమె తల ఊపి, లేచి పోయి స్టవ్ ఆర్పింది.